యాడుండావు?

జూన్ వస్తే నా షాపుకు ఒక రకం గిరాకీ మొదలవుతుంది. తల్లో తండ్రో ముందు, వెనకాల ఇంటర్‌లో కొత్తగా చేరిన బిడ్డ. కొత్త ఫోనుకు టెంపర్డ్ గ్లాసు వేయిస్తారు. బిడ్డ పౌచ్‌ల రంగులు ఏరుకుంటుండగా పెద్దవాళ్లు కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, అసలు పని చెప్తారు. "అక్కా, దీంట్లో లొకేషన్ పెట్టియ్యి. యాడుండేదీ మాకు తెలియాల. పాపకు మాత్రం చెప్పబాక."

ఆ చివరి మాట దగ్గరే నాకూ వాళ్లకూ పేచీ.

మాది బోగోలు మండలం బిట్రగుంట. ఉత్తరాన కావలి, దక్షిణాన నెల్లూరు, తూర్పున జువ్వలదిన్నె సముద్రం. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది. 1980 ప్రాంతంలో విజయవాడ, మద్రాసు లైనుకు కరెంటు వచ్చాక ఆ సందడి పోయింది గానీ, ఊరి బతుకు ఇప్పటికీ రైలు టైముల మీదే నడుస్తుంది. పిల్లలు కాలేజీకి కావలి పోతారు, కొందరు నెల్లూరు పోతారు. రైలు, బస్సు, షేర్ ఆటో, ఏది దొరికితే అది. ఆరింటికి ఇంటికి రావాల్సిన బిడ్డ ఏడింటికి రాకపోతే తల్లికి ఎట్టా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నేనూ ఇద్దరు పిల్లల్ని ఈ ఊరి నుంచే చదివించాను. కాబట్టి లొకేషన్ పెట్టమని అడిగేవాళ్లను నేను తప్పు పట్టను. దొంగతనంగా పెట్టమంటేనే కుదరదంటాను.

మా నాయన ఇంజన్ డ్రైవరు. డ్యూటీ పడితే కాల్ బాయ్ అర్ధరాత్రి కాల్ బుక్కు పట్టుకొని వచ్చి తలుపు తట్టేవాడు. నాయన సంతకం పెట్టి, సామాన్లుండే లైన్ బాక్సు పంపించి, షెడ్డుకు నడిచేవాడు. గూడ్సు ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. అయినా మా అమ్మ మరీ కంగారు పడింది నేను చూడలేదు. ఎందుకంటే బండి ఎక్కడుందో రైల్వేకు తెలుసు. ప్రతి స్టేషనూ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని కంట్రోల్‌కు ఫోనులో చెప్పాలి. షెడ్డులో అడిగితే "మీ ఆయన బండి ఉలవపాడు దాటింది" అని కబురు దొరికేది. ఇంజన్లో ఆయన ఏం మాట్లాడుతున్నాడో, డ్రైవర్లు దిగి పడుకునే ఏ రన్నింగ్ రూములో ఏం తిన్నాడో ఎవరూ కనిపెట్టలేదు. బండి కదలిక తెలిస్తే చాలు. పిల్లల లొకేషన్ విషయంలో నా లెక్క అంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు బిడ్డ ఉన్న చోటు చూపే చుక్క ఫోను మ్యాపులో ఎట్టా కనిపిస్తుందో చెప్తాను. దీని మీద ఉన్నన్ని అపోహలు మా షాపులో ఇంకే సరుకు మీదా లేవు.

చాలామంది అనుకునేది, ఉపగ్రహం పైనుంచి మన బిడ్డను చూస్తోందని. అది ఎవరినీ చూడదు. అమెరికా వాళ్ల జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా, నేనిక్కడున్నాను, ఇప్పుడు టైమింత" అని చాటింపు వేస్తూ ఉంటాయి. మన ఫోను ఆ చాటింపు వింటుంది, అంతే. ఒక్కో ఉపగ్రహం మాట చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కట్టి, కనీసం నాలుగింటి లెక్కలు కలిపి తానెక్కడుందో తేల్చుకుంటుంది. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పిపోతుంది. అందుకే ఆ ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెట్టారు. 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టి వదిలేది. ఆ పని మానేశాకే మన చేతిలోని ఫోను కొన్ని మీటర్ల తేడాతో చోటు చెప్పగలుగుతోంది.

మనకూ సొంత ఉపగ్రహాలున్నాయి, వాటి వ్యవస్థ పేరు నావిక్. వాటిలో మొదటిది 2013 జులై 1న, రాత్రి పన్నెండుకు కాస్త ముందు, మాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచే లేచింది. మామూలు ఫోన్లకు సులువుగా అందే ఎల్1 సిగ్నల్‌తో కొత్త తరం ఉపగ్రహం 2023 మే 29న పోయింది. ఈ మధ్య వచ్చే చాలా ఫోన్లు జీపీఎస్, నావిక్, ఇంకో రెండు మూడు దేశాలవి కలిపి వింటాయి.

ఇంతవరకూ ఫోను తనకు తాను తెలుసుకోవడమే. ఆ సంగతి తల్లి ఫోనుకు చేరాలంటే బిడ్డ ఫోనులో నెట్టు ఉండాలి, ఛార్జింగ్ ఉండాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, యాప్‌ను ఫోను నిద్రపుచ్చకుండా ఉండాలి. ఇన్నింటిలో ఒక్కటి తప్పినా చుక్క ఆగిపోతుంది. బిడ్డ ఆగదు, చుక్క ఆగుతుంది.

ఒక సాయంత్రం ఒకామె పరుగున వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఫోను నా ముందు పెట్టింది. కూతురు నెల్లూరు నుంచి రైల్లో వస్తోంది. చుక్క తలమంచి దగ్గర, పట్టాలకు కాస్త పక్కగా, పొలాల్లో ఆగిపోయి ఉంది.

"చూడక్కా, ఆడ దిగేసినట్టుంది. ఆడేముంది దానికి? ఫోను చేస్తే తగలడం లేదు."

నేను చుక్క మీద వేలు పెట్టి పేరు కింద సన్న అక్షరాలు చూపించాను. 26 నిమిషాల క్రితం అని ఉంది. అంటే ఆ చుక్క ఇప్పటిది కాదు. చుట్టూ లేత నీలం వలయం కూడా ఉంది, ఊరంత పెద్దది. ఆ వలయం అలంకారం కాదు. "నేను ఈ గీత లోపల ఎక్కడో ఉన్నాను, ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను" అని ఫోను ఒప్పుకోవడం అది. రైలు పెట్టె ఇనుప కప్పు కింద, జనం మధ్యలో, బ్యాగు అడుగున ఉన్న ఫోనుకు ఉపగ్రహం మాట సరిగ్గా వినపడదు. అప్పుడది దగ్గరలోని సెల్ టవర్‌ను పట్టుకొని ఉజ్జాయింపు చెప్తుంది. టౌన్లో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, వైఫైలు తోడవుతాయి, కాబట్టి లెక్క పెద్దగా తప్పదు. మా పక్క పొలాల్లో టవరుకూ టవరుకూ మధ్య కిలోమీటర్ల ఖాళీ. చుక్క పట్టాల మీద నుంచి పొలంలోకి దూకడానికి కారణం అదే.

ఆమెతో ఇదంతా అప్పుడే చెప్పలేదు లెండి. 'వేర్ ఈజ్ మై ట్రెయిన్' తెరిచి ఆ బండి నంబరు కొట్టాను. బండి అల్లూరు రోడ్డు వదిలింది. "ఇంకొంచేపట్లో వస్తాది, స్టేషనుకు పదమ్మా" అన్నాను. పాప వచ్చింది. ఛార్జింగ్ తక్కువైతే ఫోనును బ్యాటరీ సేవర్‌లో పెట్టుకొనే అలవాటట, దాంతో యాప్ పడుకుంది.

రైల్లో వచ్చిపోయే పిల్లల తల్లిదండ్రులకు నేను మొదట పెట్టిచ్చేది ఆ రైలు యాప్‌నే. అది బెంగళూరులో సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ చేసింది, 2018 డిసెంబరులో గూగుల్ కొనుక్కుంది. దాని ప్రత్యేకత ఏమంటే, రైల్లో ఉన్నవాళ్ల ఫోనులో జీపీఎస్ గానీ నెట్టు గానీ లేకపోయినా సెల్ టవర్ల గుర్తులను బట్టి బండి ఎక్కడుందో చెప్పగలదు. ఇంట్లో కూర్చున్న తల్లికి బండి ఆలస్యమైందో లేదో తెలుస్తుంది. తెలుగులోనూ ఉంది. బిడ్డ ఫోనులో చెయ్యి పెట్టే అవసరం లేకుండా సగం కంగారు తీరిపోతుంది.

మిగతా సగానికి వాట్సాప్ చాలు. 2017 అక్టోబరు నుంచి అందులో లైవ్ లొకేషన్ ఉంది. చాట్‌లో అటాచ్ గుర్తు నొక్కి, లొకేషన్ నొక్కి, 'షేర్ లైవ్ లొకేషన్' అంటే పావుగంటా, గంటా, ఎనిమిది గంటలా అని అడుగుతుంది. టైము అయిపోతే తనంతట తనే ఆగుతుంది. పంపినవాళ్లకూ అందుకున్నవాళ్లకూ తప్ప మధ్యలో ఎవరికీ, కంపెనీకి కూడా, కనపడకుండా గొళ్లెం వేసి ఉంటుంది. నాకిది నచ్చడానికి అసలు కారణం, దాన్ని బిడ్డే నొక్కాలి. బస్సెక్కి గంటకు పంపుతుంది, దిగి ఇంటికొస్తుంది, పని అయిపోతుంది. ఇరవై నాలుగ్గంటల కాపలా కాదిది, ఒక్క ప్రయాణానికి తోడు.

రోజూ నొక్కడం మరిచిపోయే పిల్లలకు గూగుల్ మ్యాప్స్ ఉంది. పైన మన ఫోటో మీద నొక్కితే 'లొకేషన్ షేరింగ్' వస్తుంది. ఒక గంట పెట్టొచ్చు, ఆపేదాకా ఉండేలా కూడా పెట్టొచ్చు. ఇందులో ఒక మేలుంది, అవతలి ఫోనులో ఛార్జింగ్ ఎంత శాతం ఉందో కూడా చూపిస్తుంది. నాలుగు శాతం అని చూసిన తల్లికి, ఆ తర్వాత చుక్క ఆగిపోతే ఎందుకు ఆగిందో ఊహకు అందుతుంది. ఇది సరిగ్గా పనిచేయాలంటే బిడ్డ ఫోనులో మ్యాప్స్‌కు లొకేషన్ అనుమతి 'అలో ఆల్ ది టైమ్' అని ఉండాలి, బ్యాటరీ సెట్టింగులో 'అన్‌రెస్ట్రిక్టెడ్' అని పెట్టాలి. చవక ఫోన్లు బ్యాటరీ మిగలడం కోసం వెనకాల నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా కట్టేస్తాయి. లొకేషన్ రావడం లేదని నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం రోగం ఇదే.

ఇంకా చిన్నపిల్లలకు గూగుల్ వాళ్లదే 'ఫ్యామిలీ లింక్' ఉంది. అది లొకేషనే కాదు, ఏ యాప్ ఎంతసేపు వాడాలో కూడా పెద్దవాళ్ల చేతిలో పెడుతుంది. ఏడో తరగతి పిల్లవాడికి సరే. ఇంటర్ చదివే ఆడపిల్లకు ఇది పెట్టమంటే మాత్రం నాకు నచ్చదు, పెట్టేముందు ఆ మాట వాళ్ల మొహం మీదే చెప్తాను. షాపుకు నష్టమేం లేదు, దీనికి నేను డబ్బులు తీసుకోను.

ఇక నేను గట్టిగా కాదనే సరుకు ఒకటుంది. "బయట ఏదో లింకు ఉందంట కదక్కా, వేస్తే వాట్సాప్ మెసేజులు కూడా మనకు కనపడతాయంట" అని వస్తారు. అవి ప్లే స్టోర్‌లో ఉండవు. ఏదో సైటు నుంచి దించుకోవాలి. ముందు ఫోనుకు కాపలా ఉండే ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమంటుంది, తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వమంటుంది. ఆ అనుమతి ఇచ్చాక తెర మీద కనపడేదంతా, ఓటీపీలతో సహా, ఎక్కడో ముక్కూమొహం తెలియని సర్వర్‌కు పోతుంది. మన బిడ్డను మనం చూస్తున్నామనుకుంటాం, మనతోబాటు ఎవరెవరు చూస్తున్నారో లెక్క ఉండదు. పోలండ్ వాళ్ల 'లెట్‌మీస్పై' అనే ఇలాంటి యాప్‌ను 2023 జూన్‌లో ఎవరో హ్యాక్ చేసి, అది దొంగచాటుగా పోగేసిన మెసేజులూ లొకేషన్లూ ఎత్తుకుపోయారు. ఆ కంపెనీ రెండు నెలలకే మూతపడింది.

దొంగ యాప్‌లకే కాదు, పెద్దమనిషి వేషంలో ఉన్నవాటికీ మచ్చలున్నాయి. ఆస్ట్రేలియాలో తయారైన 'ఫ్యామిలీ లొకేటర్' అనే యాప్ రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేల మందికి పైగా జనం ఎప్పటికప్పుడు ఎక్కడున్నారో తెలిపే వివరాలను పాస్‌వర్డ్ కూడా లేని సర్వర్‌లో వదిలేసినట్టు 2019 మార్చిలో బయటపడింది. పిల్లల పేర్లు, ఇల్లు, బడి, అన్నీ తెరిచిన పుస్తకం. అమెరికాలో కోట్ల మంది వాడే 'లైఫ్360' తన వాడకందార్ల లొకేషన్ వివరాలను దళారులకు అమ్ముతోందని 2021 డిసెంబరులో 'ది మార్కప్' పత్రిక రాసింది. గొడవయ్యాక ఆ అమ్మకాలు చాలావరకు మానుకుంటామని కంపెనీ ప్రకటించింది. పిల్లల చేతికి కట్టే జీపీఎస్ వాచీలు కూడా మా దగ్గర అడుగుతారు. వాటిలో కొన్ని తల్లిదండ్రులు ఇంట్లో కూర్చొని బడిలో మాటలు వినేలా తయారయ్యాయి. 2017 నవంబరులో జర్మనీ ప్రభుత్వం అలా చాటుగా వినే వాచీలను నిషేధించి, ఇంట్లో ఉంటే పగలగొట్టమని తల్లిదండ్రులకు చెప్పింది. క్లాసులో పాఠం చెప్పే టీచరు మాట కూడా ఇంకొకరి ఇంటికి పోవడం ఆ దేశానికి మింగుడుపడలేదు.

మన దగ్గరా చట్టం వచ్చింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి పొందాలి, వాళ్ల కదలికలు, అలవాట్లు కనిపెట్టి ప్రకటనలు గురిపెట్టకూడదు. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, సర్దుకోడానికి కంపెనీలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. బిడ్డ భద్రత కోసం ఎక్కడుందో చూపించడానికి, బడి బస్సులో వచ్చిపోయే పిల్లల్ని గమనించడానికి మినహాయింపులున్నాయి. ఇదంతా కంపెనీలకు కట్టిన కంచె. ఇంట్లో తల్లి తన ఫోనులో చూసుకోవడం ఈ చట్టం కిందికి రాదు. అక్కడ ఇంటి మర్యాదే చట్టం.

ఆ మర్యాద గురించి సుప్రీంకోర్టు మాట ఒకటి నేను మా షాపులో తరచూ చెప్తుంటాను. మత్తుమందుల కేసులో బెయిలు పొందిన ఒక విదేశీయుడికి, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ను పెట్టి తానెక్కడుండేదీ అధికారులకు తెలిసేలా ఉంచాలని కింది కోర్టులో షరతు పెట్టారు. 2024 జులై 8న సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. బెయిలు మీద బయటికొచ్చిన ముద్దాయి కదలికలను కూడా పోలీసులు నిత్యం కనిపెట్టేలా చేయడం అతని ఆంతరంగిక జీవితంలోకి చొరబడటమేనని తేల్చింది. తండ్రి పోలీసు కాదు, పదహారేళ్ల పిల్ల ముద్దాయి కాదు, రెండింటికీ పోలిక లేదని లాయర్లంటారు, నిజమే. కానీ ముద్దాయికి ఇచ్చినపాటి మర్యాద కూతురికి ఇవ్వడానికి మనకేం అడ్డమో నాకు అర్థం కాదు. చెప్పి పెడితే చాలు కదా.

చెప్పి పెడితే ఏమవుతుందో చూశాను కూడా. ఒకాయన ఒప్పుకొని, కూతుర్ని పిలిచి, "అమ్మణ్ణీ, దీంట్లో లొకేషన్ పెడతుండాం" అన్నాడు. ఆ పిల్ల ఏమాత్రం తొణక్కుండా, "సరే నాన్నా, నీది కూడా నాకు పెట్టు" అంది. ఆయన తల గోక్కొని, "నాదెందుకే, నేను యాడికి పోతా" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లందరికీ ఆయన సాయంత్రాలు యాడికి పోతాడో తెలుసు. చివరికి ఇద్దరిదీ పెట్టాం, పగలు మాత్రం. ఆ తర్వాత కాలేజీ నుంచి రావడం ఆలస్యమైతే ఆ పిల్లే ముందుగా మెసేజ్ పెడుతోందని ఆయనే చెప్పాడు. చాటుగా పెట్టిన ఇళ్లలో జరిగేది వేరు. ఈ పిల్లలకు ఫోను మనకంటే బాగా తెలుసు. లొకేషన్ ఉందని పసిగట్టిన రోజున ఫోనును స్నేహితురాలి బ్యాగులో వేసి కాలేజీకి పంపిస్తారు. చుక్క బుద్ధిగా క్లాసులో కూర్చుంటుంది.

ఇంకా పెద్ద సంగతి ఒకటుంది, దాన్ని చెప్పేటప్పుడు తల్లులు కళ్లు దించుకుంటారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు తీసి చూస్తే, పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆ బిడ్డకు ముందే తెలిసినవాళ్లు. చుట్టం, పొరుగువాడు, ట్యూషన్ చెప్పేవాడు, ఆటో నడిపేవాడు. అలాంటి చోట బిడ్డ ఉన్నా చుక్క ఉండాల్సిన చోటే ఉంటుంది. చిన్నాన్న ఇల్లు అంటుంది, ట్యూషన్ అంటుంది, తల్లి నిశ్చింతగా ఫోను పక్కన పెడుతుంది. ఆ సంగతి చెప్పగలిగేది బిడ్డ నోరొక్కటే. నా మీద నిఘా పెట్టారని తెలిసిన బిడ్డ ఆ నోరు ఎందుకు తెరుస్తుంది? దొంగతనంగా పెట్టనని నేను మొండికేయడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

మగపిల్లల సంగతి కూడా చెప్పాలి. నా దగ్గరికి లొకేషన్ కోసం వచ్చేవి దాదాపు అన్నీ ఆడపిల్లల ఫోన్లే. మగపిల్లవాడికి ఫోనుతోపాటు బండి తాళం కూడా ఇస్తారు. లైసెన్సు వయసు రాని పిల్లలు, ఒక బండి మీద ముగ్గురు, హెల్మెట్టు లేకుండా, పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి కావలి దాకా పోయి వస్తారు. వాడు యాడుండాడో ఎవరూ అడగరు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చి 199ఏ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఈ మాట చెప్తే "మావాడు బాగా తోల్తాడక్కా" అంటారు. మా రోడ్ల మీద బిడ్డలకు ముంచుకొచ్చే ప్రమాదం ఏదని అడిగితే, నేను ముందు ఆ బండి తాళం వైపే చూపిస్తాను. దానికి యాప్ కూడా అక్కర్లేదు, తాళం ఇవ్వకుంటే చాలు.

హాస్టల్లో ఉండే పిల్లలది ఇంకో కథ. నెల్లూరు, విజయవాడ ఇంటర్ హాస్టళ్లలో చాలాచోట్ల ఫోను ఉండనివ్వరు. సంక్రాంతికీ దసరాకూ వాళ్లు బస్సుల్లో, రైళ్లలో ఇంటికొచ్చేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. యాప్‌లు కనిపెట్టినవాళ్లెవరూ ఈ పిల్లల్ని లెక్కలోకి తీసుకోలేదు. వీళ్లకు నేను చెప్పేది పాతకాలపు సలహా. తల్లి నంబరు, ఇంకొకరి నంబరు నోటికి వచ్చి ఉండాలి. ఇప్పుడు నా షాపున్న ఈ గదిలో ఎస్టీడీ బూత్ ఉన్న రోజుల్లో, రాత్రి పదకొండు దాటితే పావు రేటని జనం వరస కట్టినప్పుడు, పదేళ్ల పిల్లలు కూడా నంబర్లు గడగడా చెప్పేవాళ్లు. ఇప్పుడు ఇంటర్ కుర్రాణ్ణి మీ అమ్మ నంబరు చెప్పమంటే ఫోను తీసి చూస్తాడు. ఫోను లేకుండా బడికి పోయే పిల్లలకు కీప్యాడ్ ఫోను కొనిచ్చినా మేలే. 2017 నుంచి అమ్మే ప్రతి కీప్యాడ్ ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ పోయేలా ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. స్మార్ట్‌ఫోన్లలో అయితే పవర్ బటన్ వరసగా నొక్కాలి, మూడుసార్లా ఐదుసార్లా అన్నది ఫోనును బట్టి. కొన్నరోజే ఒకసారి సెట్టింగుల్లో చూసుకోండి, బిడ్డకు చూపించండి.

పోలీసుల యాప్‌లూ ఉన్నాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత, 2020 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో 'దిశ' యాప్ వచ్చింది. ప్రభుత్వం మారాక 2025 మార్చి 8న 'శక్తి' వచ్చింది. ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే లొకేషన్‌తో సహా పోలీసు కంట్రోల్ రూంకు కబురు పోతుంది. తెలంగాణలో 2024 మార్చిలో 'టీ సేఫ్' పెట్టారు. స్మార్ట్‌ఫోను లేకపోయినా, ఆటోలోనో క్యాబ్‌లోనో ఎక్కినవాళ్లు 100కు ఫోను చేసి ప్రయాణాన్ని గమనించమని కోరవచ్చు. హైదరాబాదులో చదివే పిల్లలున్న ఇళ్లవాళ్లు దాన్ని తెలుసుకోవడం మంచిది. ఏ యాప్ పేరు మారినా అత్యవసర నంబరు 112 మారదు, పిల్లల కోసం 1098 ఉంది, రైల్లో అయితే 139.

ఇక చుక్క నిజంగానే ఆగిపోయి, ఫోను తగలక, బండి వచ్చి బిడ్డ దిగకపోతే ఏం చేయాలి? మొదట ఆ తెరను స్క్రీన్‌షాట్ తీయండి. చుక్క ఉన్న చోటు, కింద "ఇన్ని నిమిషాల క్రితం" అన్న అక్షరాలు, పైన ఫోను టైము, మూడూ అందులో పడాలి. తర్వాత ఆ చుక్క చెరిగిపోయినా మీ దగ్గర ఆధారం ఉంటుంది. ఆ రోజు వేసుకున్న బట్టల రంగు రాసి పెట్టుకోండి, ఈ మధ్య తీసిన ఫోటో ఒకటి పక్కన ఉంచుకోండి. స్నేహితులకు ఫోను చేయండి, కానీ రాత్రంతా ఆ పనిలోనే గడపొద్దు. ఇరవై నాలుగ్గంటలు చూశాకే పోలీసులు కేసు తీసుకుంటారన్నది అబద్ధం. పిల్లలు కనపడకుండా పోయారని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013 మేలోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. పోలీసులు తమ స్టేషను పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి, ఎక్కడైనా రాయాలి. రైల్లో వస్తున్న బిడ్డయితే రైల్వే పోలీసులకూ చెప్పండి. ఫోను ఆగిపోయాక అది చివరిగా ఏ టవర్‌ను పట్టుకుందో టెలికాం కంపెనీ నుంచి తెప్పించుకునే అధికారం పోలీసులకుంది, మనకు లేదు. ఎంత త్వరగా అడిగితే ఆ టవర్ చుట్టూ వెతకాల్సిన మేర అంత తక్కువ.